నొప్పి లేని టీకా ధర ఎంత?

ఆరు వారాల పసికందును పొత్తిళ్లలో పెట్టుకుని పట్టణాల్లో పిల్లల డాక్టర్ దగ్గరికి వెళితే సాధారణంగా ముందు ఎదురయ్యే ప్రశ్న ఒకటే. "పెయిన్‌లెస్ వేయమంటారా, మామూలుదేనా?" ఆ ప్రశ్నలో ధర ఊసు ఉండదు. అయినా అది ధర గురించేనని అడిగేవారికీ తెలుసు, వినేవారికీ తెలుసు. మామూలుదంటే సర్కారు దవాఖానాలో ఉచితంగా వేసే రకం. దాంతో ఒకటి రెండు రోజులు జ్వరం రావచ్చు, తొడ వాయవచ్చు, బిడ్డ రాత్రంతా ఏడవవచ్చు. పెయిన్‌లెస్ అంటే ఆరు రోగాలకు ఒకే సూదిలో వచ్చే విదేశీ కంపెనీల టీకా. ఒక్కో డోసు మూడు, నాలుగు వేల రూపాయల స్థాయిలో ఉంటుంది. కన్నబిడ్డను ఏడిపించడానికి ఇష్టపడే తల్లి ఎవరుంటారు? ఉద్యోగస్తుల ఇళ్లలో ఈ ప్రశ్నకు జవాబు అర నిమిషంలో తేలిపోతుంది.

ఆర్థికశాస్త్రంలో దీన్ని 'చెల్లించే సంసిద్ధత' అంటారు. ఒక వస్తువు కోసం మనిషి జేబులోంచి ఎంతవరకు తీయగలడో, ఆ వస్తువుకు అతడిచ్చే విలువ అంత అని లెక్క. సబ్బులకూ సెల్‌ఫోన్లకూ ఈ లెక్క బాగానే సరిపోతుంది. టీకాల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఇది పాలకులకు ఒక సౌకర్యవంతమైన సాకు అవుతోంది. తల్లిదండ్రులు డబ్బు పెట్టి కొనుక్కుంటున్నప్పుడు ఖజానా మీద భారమెందుకన్న వాదన కొత్త టీకా వచ్చినప్పుడల్లా ఏదో ఒక రూపంలో తలెత్తుతుంది. నిజానికి ఆ చెల్లింపులో కనిపించేది ఆ ఇంటి ఆదాయం, ఆ తల్లిదండ్రుల భయం, ఎదురుగా కూర్చున్న డాక్టర్ మీద వాళ్ల నమ్మకం. ఈ మూడింటికీ, రోగం ఎవరి బిడ్డను పట్టుకుంటుందన్న దానికీ పెద్దగా సంబంధం లేదు.

ముందు ఈ బజారు ఎంతటిదో చూద్దాం. 2019-21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 12 నుంచి 23 నెలల వయసు పిల్లల్లో 76 శాతం మందికి ప్రాథమిక టీకాలన్నీ పడ్డాయి. 2005-06 సర్వేలో ఇది 44 శాతం దగ్గర ఉండేది. పిల్లలకు పడిన టీకాల్లో అత్యధికం ఎక్కడ వేయించారని అడిగితే 94 శాతానికి పైగా కుటుంబాలు ప్రభుత్వ కేంద్రాల పేరే చెప్పాయి. ప్రైవేటు వాటా నాలుగు శాతం చొప్పున ఉంది. కాన్పుకీ, కీళ్ల ఆపరేషన్‌కీ అప్పు చేసి మరీ ప్రైవేటు ఆసుపత్రి మెట్లెక్కే దేశంలో ఇది విశేషమే. సర్కారీ వైద్యంలో జనం ఇంకా మనస్ఫూర్తిగా నమ్ముతున్నది ఏదైనా ఉందంటే అది బుధవారం, శనివారం అంగన్‌వాడీ దగ్గర ఏఎన్ఎం తెరిచే ఆ చిన్న ఐస్‌బాక్సే.

అయితే ఆ నాలుగు శాతం గొంతు పెద్దది. పత్రికలు చదివేది, అధికారులుగా కుర్చీల్లో కూర్చునేది, విధానాలు రాసేది ఎక్కువగా ఆ ఇళ్లవారే. వాళ్ల బిడ్డల టీకాల పట్టిక వేరు. ప్రభుత్వ సార్వత్రిక టీకాల కార్యక్రమం 1985లో క్షయ, పోలియో, కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం, తట్టు అనే ఆరు రోగాలతో మొదలై ఇప్పుడు పన్నెండింటికి చేరింది. ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ పట్టిక అంతకంటే పొడవు. ఆటలమ్మ, ఎ రకం కామెర్లు, టైఫాయిడ్, గవదబిళ్లలు, ఏటేటా ఫ్లూ కూడా అందులో ఉంటాయి. ప్రతిదాంట్లో ఖరీదైన రకమే ఎంచుకుంటూ పోతే మొదటి రెండేళ్లలో బిల్లు ముప్పై, నలభై వేలు దాటడం కష్టమేమీ కాదు. చాలా ఆరోగ్య బీమా పాలసీలు ఈ ఖర్చును ముట్టవు. ఇదంతా చేతి నుంచి పోయే డబ్బే.

మళ్లీ ఆ నొప్పి లేని టీకా దగ్గరికి వద్దాం. అసలు కథ అక్కడే ఉంది. కోరింత దగ్గు టీకా రెండు రకాలు. పాతది, క్రిమి మొత్తాన్ని చంపి తయారుచేసేది. మన ప్రభుత్వ కార్యక్రమంలో ఉన్నది ఇదే. కొత్తది, ఆ క్రిమి నుంచి కొన్ని ప్రొటీన్లను మాత్రమే ఏరి తయారుచేసేది. కొత్తదానితో జ్వరం, వాపు తక్కువన్న మాట నిజం. సంపన్న దేశాలు ఆ కారణంతోనే దానికి మారాయి. అమెరికా 1990లలో పాతదాన్ని పూర్తిగా వదిలేసింది. ఆ తరువాత 2010లో కాలిఫోర్నియాలో కోరింత దగ్గు విరుచుకుపడి తొమ్మిది వేలకు పైగా కేసులు నమోదయ్యాయి. పదిమంది పసిపిల్లలు చనిపోయారు. అదే రాష్ట్రంలోని పిల్లల మీద జరిగిన ఒక అధ్యయనం 2012లో వెలువడింది. కొత్త రకం టీకా అయిదో డోసు తరువాత ఏడాది గడిచేకొద్దీ రోగం సోకే అవకాశం సగటున 42 శాతం చొప్పున పెరుగుతోందని అందులో తేలింది. అంటే రక్షణ వేగంగా కరిగిపోతోందన్నమాట. పాత రకం వాడుతున్న దేశాలు దాన్నే కొనసాగించడం మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. మన పిల్లల డాక్టర్ల అకాడమీ కూడా 2013 నాటి సిఫారసుల్లో తొలి మూడు డోసులకు పాత రకానికే మొగ్గు చూపింది.

ఇక్కడ ఎవరూ మోసం చేయడం లేదు. కొత్త రకం మంచి టీకాయే, బిడ్డను కాపాడుతుంది కూడా. జ్వరం భయంతో అసలు టీకాయే మానేసేవాళ్లకైతే అది నయం. కానీ నాలుగు వేలు పెట్టిన తండ్రి ఎక్కువ రక్షణ కొన్నానని అనుకుంటూ ఇంటికి వెళతాడు. ఆయన నిజంగా కొన్నది ఒక ప్రశాంతమైన రాత్రి. అందులో తప్పేమీ లేదు. పారాసెటమాల్ చుక్కలతో గడిచిపోయే ఆ రాత్రికి ఎవరి స్తోమతను బట్టి వారు వెల కడతారు. దాన్ని టీకాకు కట్టిన వెలగా పుస్తకాల్లో రాసుకోవడంతోనే చిక్కు వస్తుంది.

రెండో కథ మన హైదరాబాద్‌ది. బి రకం కామెర్ల టీకా 1990ల మొదట్లో విదేశాల నుంచి వచ్చేది. డోసు వందల రూపాయలు. మధ్యతరగతి ఇళ్లకే అది భారం. 1993లో కె.ఐ. వరప్రసాద్ రెడ్డి శాంతా బయోటెక్నిక్స్ పెట్టి, 1997లో దేశంలోనే తొలి జన్యుసాంకేతిక హెపటైటిస్ బి టీకా 'శాన్‌వాక్-బి'ని బయటికి తెచ్చారు. దిగుమతి ధరలో అదొక చిన్న భాగం. పోటీ పెరిగి ధర ఇంకా దిగింది. ఆ రోజులు గుర్తున్నవారికి శిబిరాలు కూడా గుర్తుంటాయి. బడుల్లో, బ్యాంకు ఉద్యోగుల కాలనీల్లో, క్లబ్బుల ఆధ్వర్యంలో షామియానాలు వేసి, రాయితీ ధరకు మూడు డోసులు. జనం బారులు తీరారు. చెల్లించే సంసిద్ధతకు అంతకంటే నిదర్శనం ఏం కావాలి?

ఆ బారుల్లో లేనిది ఎవరంటే, ఎవరికోసం ఆ టీకా అన్నిటికంటే ముఖ్యమో వాళ్లే. పుట్టిన సమయంలో తల్లి నుంచో, పసితనంలోనో ఈ వైరస్ సోకితే పదిమందిలో తొమ్మిదిమందికి అది జీవితాంతం ఒంట్లో ఉండిపోతుంది. దశాబ్దాల తరువాత కాలేయం గట్టిపడటానికీ, క్యాన్సర్‌కీ దారితీస్తుంది. పెద్దవాళ్లకు సోకితే నూటికి తొంభై అయిదు మందికి పైగా దానంతటదే వదిలిపోతుంది. కాబట్టి అసలు అవసరం పుట్టిన 24 గంటల్లోపు పడే డోసుది. శిబిరానికి వచ్చినవారు బడి పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు. పల్లెలో పుట్టిన కూలివాడి బిడ్డకు ఆ డోసు వేసేవాళ్లు లేరు. ప్రభుత్వం 2002-03లో కొన్ని చోట్ల ప్రయోగాత్మకంగా మొదలుపెట్టింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ముందు వరుసలో నిలిచింది. 2007-08లో పది రాష్ట్రాలకు చేరింది. దేశమంతటా వచ్చేసరికి 2011 అయింది. టీకా మన ఊళ్లో తయారై, ధర దిగిన పద్నాలుగేళ్లకన్నమాట.

ఈ నడిమి కాలం ఒక్క కామెర్ల టీకాకే పరిమితం కాదు. న్యుమోనియాను ఆపే న్యుమోకాకల్ టీకా 2006లోనే మన ప్రైవేటు బజారుకు వచ్చింది. ఉచిత పట్టికలోకి 2017లో హిమాచల్ ప్రదేశ్‌తోనూ, ఉత్తరప్రదేశ్, బీహార్‌లలోని కొన్ని జిల్లాలతోనూ మొదలై, దేశమంతటికీ అందింది 2021లో. పదిహేనేళ్లు. ఈ మధ్యకాలంలో ఆ టీకా కొన్నవాళ్లు ఎవరు? గ్యాస్ పొయ్యి ఉన్న ఇల్లు, తల్లిపాలకు తోడు మంచి తిండి, అర్ధరాత్రి ఆయాసం వస్తే కారులో తీసుకెళ్లే తండ్రి, పక్కవీధిలో నర్సింగ్ హోం ఉన్న పిల్లలు. న్యుమోనియాతో చనిపోయే అవకాశం అందరికంటే తక్కువగా ఉన్నవాళ్లు. కట్టెల పొగలో పెరిగే బిడ్డకు డోసు మూడు వేలకు పైబడ్డ ఆ టీకా పేరు కూడా తెలియదు. పుణెలోని సీరం ఇన్‌స్టిట్యూట్ 2020 చివర్లో తన టీకాను తెచ్చినప్పుడు పేద దేశాలకు డోసు 2 డాలర్లకే ఇస్తామంది. అప్పటిదాకా ప్రైవేటు ధర చూసి ఇది మన తాహతుకు మించిందని అనుకున్నవాళ్లు, పెద్ద ఎత్తున కొంటే ధర ఎంతకు దిగుతుందో లెక్కలోకి తీసుకోలేదు.

రోటావైరస్ విరేచనాల కథ కొంచెం మెరుగు. దేశంలో ఏటా సుమారు 78 వేల మంది అయిదేళ్లలోపు పిల్లల్ని ఇది పొట్టన పెట్టుకుంటోందని 2014 నాటి అంచనా. విదేశీ టీకాలు అంతకు కొన్నేళ్ల ముందే క్లినిక్కుల్లో దొరికేవి. ఢిల్లీ ఎయిమ్స్‌లో డాక్టర్ ఎం.కె. భాన్ బృందం గుర్తించిన వైరస్ రకంతో హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ 'రోటావాక్' తయారుచేసింది. డోసు డాలరుకే ఇస్తామని ముందే మాటిచ్చింది. మొదటి ఏడాదిలో తీవ్ర విరేచనాల నుంచి 56 శాతం రక్షణ ఇస్తుందని 2013లో తేలింది. మూడేళ్లు తిరగకుండా 2016 మార్చిలో ఆంధ్రప్రదేశ్, ఒడిశా, హర్యానా, హిమాచల్ ప్రదేశ్‌లలో ఉచితంగా చుక్కలు వేయడం మొదలైంది. టీకాను రూపొందించేటప్పుడే దాన్ని కొనబోయేది ప్రభుత్వమని అనుకుని దిగారు కాబట్టి ఇది సాధ్యమైంది.

కొనగలిగినవాళ్లు కొనుక్కుంటే కొనలేనివాళ్లకు వచ్చే నష్టమేముందని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. చాలా టీకాల విషయంలో నష్టం లేదు, కాస్త లాభమే. అన్నిటి విషయంలో కాదు. రుబెల్లా పసివాళ్లకు వస్తే రెండు రోజుల జ్వరం, ఒంటి మీద దద్దుర్లు, అంతే. అదే గర్భిణికి తొలి నెలల్లో వస్తే పుట్టే బిడ్డకు చెవుడు, గుడ్డితనం, గుండె జబ్బు. గ్రీసు దేశంలో 1970ల మధ్య నుంచి ఏడాది నిండిన పిల్లలకు తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా కలిపిన టీకా వేయడం మొదలైంది. అందరికీ అందించాలన్న పట్టుదల మాత్రం లేదు. 1980లంతా సగం మంది పిల్లలకు కూడా అది పడలేదు. ఆ కొందరి వల్ల వైరస్ తిరగడం తగ్గింది. దాంతో టీకా పడని ఆడపిల్లలు చిన్నతనంలో రుబెల్లా తగలకుండానే పెద్దవాళ్లయ్యారు. 1993లో అంటువ్యాధి వచ్చేసరికి వాళ్లు కాన్పు వయసులో ఉన్నారు. పుట్టుకతోనే రుబెల్లా లోపాలున్న 25 మంది బిడ్డలు అక్కడ నమోదయ్యారు. అంత చిన్న దేశానికి అది పెద్ద సంఖ్య. కొందరి బిడ్డలకు పడిన టీకా, పడనివాళ్ల రోగాన్ని ప్రమాదకరమైన వయసుకు వాయిదా వేసింది.

మన దేశంలో రంగం అలాగే సిద్ధమై ఉండింది. ఎమ్మెమ్మార్ టీకా దశాబ్దాల పాటు ఎక్కువగా ప్రైవేటు క్లినిక్కుల సరుకు. ప్రభుత్వ కార్యక్రమంలో తట్టు టీకా ఒక్కటే. 2017 ఫిబ్రవరిలో కర్ణాటక, తమిళనాడు తదితర చోట్ల, అదే ఏడాది ఆగస్టులో రెండు తెలుగు రాష్ట్రాల్లో, తొమ్మిది నెలల పసివాళ్ల నుంచి పదిహేనేళ్ల వరకు అందరికీ తట్టు-రుబెల్లా సూది వేసే భారీ కార్యక్రమం జరిగింది. మా పిల్లలకు డబ్బు పెట్టి ఎప్పుడో వేయించాం, మళ్లీ ఈ ఉచిత సూది ఎందుకని బెట్టు చేసింది ఎక్కువగా ప్రైవేటు బడుల తల్లిదండ్రులే. తమిళనాడులో వాట్సాప్ వదంతులు సరేసరి. ఖరీదైనదే మంచిదన్న నమ్మకానికి అవతలి కొసన ఉన్నది ఇదే. ఉచితమైతే అందులో ఏదో లోపం ఉండే ఉంటుందన్న అనుమానం. ఆటలమ్మ టీకా మన దగ్గర ఇప్పటికీ ప్రైవేటు పట్టికలోనే ఉంది. కొందరికే పడితే రోగం పెద్ద వయసుకు జరిగే ప్రమాదం దానికీ ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరిస్తూనే ఉంది. పెద్దయ్యాక వచ్చే ఆటలమ్మ ఎంత మొండిదో పడ్డవాళ్లను అడగండి.

ఇక పేద తల్లుల సంసిద్ధత మాట. వాళ్లు చెల్లించడం లేదనుకోవడం పొరపాటు. వాళ్లు రూపాయల్లో కాకుండా రోజుల్లో చెల్లిస్తారు. టీకా రోజున కూలికి పోకపోతే ఆ పూట గడవదు. తీరా వెళితే బీసీజీ బుడ్డి విప్పడానికి పిల్లలు చాలినంత మంది రాలేదు, వచ్చే బుధవారం రమ్మంటారు. విప్పిన బుడ్డిని నాలుగు గంటల్లో వాడేయాలి, మిగిలితే పారబోయాలి. ఏఎన్ఎం భయం ఆమెది. ఆ మరుసటి బుధవారం వరినాట్లు. రాత్రికి బిడ్డకు జ్వరమొస్తే మర్నాడు పని కూడా పోతుంది. పెయిన్‌లెస్ టీకాకు నాలుగు వేలిచ్చే తండ్రి తప్పించుకున్న ఆ రాత్రిని ఈమె ఒక రోజు కూలితో కొనుక్కుంటుంది.

ఈ లెక్కను పరీక్షించిన ప్రయోగం రాజస్థాన్‌లోని ఉదయ్‌పూర్ జిల్లాలో జరిగింది. తరువాత నోబెల్ అందుకున్న అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లో బృందం స్థానిక స్వచ్ఛంద సంస్థ సేవా మందిర్‌తో కలిసి 134 ఊళ్లలో దీన్ని చేసింది. ఫలితాలు 2010లో వచ్చాయి. మామూలు ఊళ్లలో టీకాలన్నీ పూర్తయిన పిల్లలు 6 శాతం. నెలనెలా తప్పకుండా శిబిరం పెట్టిన ఊళ్లలో 18 శాతం. శిబిరంతో పాటు సూదికో కిలో పప్పు, అన్నీ పూర్తయితే ఒక స్టీలు కంచాల సెట్టు ఇచ్చిన ఊళ్లలో 39 శాతం. కిలో పప్పుకు లొంగి బిడ్డకు సూది వేయించారంటే వాళ్లు టీకాను వ్యతిరేకిస్తున్నట్టు కాదు, వాళ్లకున్న అడ్డంకి అంత చిన్నదని అర్థం. పప్పు ఇచ్చిన చోట టీకాలు పూర్తయిన ఒక్కో బిడ్డ మీద పడిన ఖర్చు, ఇవ్వని శిబిరాల్లో పడిన దానికంటే తక్కువ. నర్సు అదే, వాహనం అదే, వచ్చిన పిల్లలే ఎక్కువ కదా. వీళ్లను పట్టుకుని 'ఈ టీకాకు ఎంత ఇవ్వగలరు' అని ప్రశ్నపత్రం చేతికిస్తే సర్వే చేసేవాళ్లకు వచ్చే జవాబు మర్యాద కోసం చెప్పే అంకె.

చిన్నపాటి రుసుమైనా పెడితే విలువ తెలుస్తుందన్న మాట మన దగ్గర పెద్దమనుషులు ఇష్టంగా అంటారు. కెన్యాలో బడి పిల్లలకు నులిపురుగుల మాత్రల మీద ఆ ప్రయోగమూ జరిగింది. ఉచితంగా ఇచ్చినప్పుడు 75 శాతం మంది వేసుకున్నారు. నామమాత్రపు ధర పెట్టగానే 20 శాతం లోపుకు పడిపోయింది. 2021లో మన కోవిడ్ టీకాల్లో పావు భాగాన్ని ప్రైవేటు ఆసుపత్రులకు కేటాయించినప్పుడు కూడా అవి ఆ వాటాను వాడలేకపోయాయి. మరణ భయం వీధుల్లో తిరుగుతున్న రోజుల్లోనే జనం ఉచిత కేంద్రాల ముందు బారులు తీరారు.

ప్రైవేటు బజారు వల్ల మేలే లేదనడం అన్యాయం. శాంతా అయినా, భారత్ బయోటెక్ అయినా తొలినాళ్లలో నిలదొక్కుకోవడానికి కొనుక్కునే తల్లిదండ్రులు కూడా కారణమే. వాళ్లు కొనడం వల్లే కొత్త టీకాలు దేశంలో అడుగుపెడుతున్నాయి, డాక్టర్లకు వాటి మీద అనుభవం వస్తోంది. ప్రభుత్వ కేంద్రం మీద రద్దీ తగ్గుతోంది. ఒప్పుకోవాల్సిందే. కానీ రాజకీయశాస్త్రం చదివినవాళ్లకు మరొకటి కూడా కనిపిస్తుంది. ఆల్బర్ట్ హిర్ష్‌మన్ 1970లో రాసిన పుస్తకంలో ఒక సేవ నచ్చనివాళ్లకు రెండు దారులంటాడు. వదిలి వెళ్లిపోవడం ఒకటి, ఉండి గొంతెత్తడం రెండోది. గొంతెత్తగలిగినవాళ్లు ముందుగా వెళ్లిపోతే ఆ సేవ బాగుపడదు. సర్కారు బడికి జరిగింది అదే. టీకాల విషయంలో, సబ్‌సెంటర్‌లో ఫలానా టీకా ఎందుకు లేదని అడగాల్సిన లెక్చరర్, లాయరు, పత్రికా విలేకరి తమ బిడ్డలకు ఆ టీకా ఎప్పుడో కొనేసి ఉంటారు. అడగాలన్న ఆలోచనే రాదు. పదిహేనేళ్ల జాప్యం మీద ఎక్కడా ధర్నా జరగకపోవడానికి ఇదొక కారణం.

డబ్బు పెట్టే ఇళ్లలోనూ అన్నీ సక్రమంగా ఉన్నాయనుకోనక్కర్లేదు. మొదటి ఏడాది వేలకు వేలు పోసిన ఉత్సాహం అయిదో ఏట ఉండదు. కంఠసర్పి బూస్టర్ డోసులు పదో ఏట, పదహారో ఏట వేయించాలన్న సంగతి ఎందరికి గుర్తుంటుంది? ఆ టీకా ప్రభుత్వ పట్టికలో ఉచితమే. హైదరాబాద్ నల్లకుంటలోని ఫీవర్ ఆసుపత్రికి కంఠసర్పి కేసులు వస్తూ ఉండటం ఈ నగరానికి కొత్త వార్త కాదు. అందరూ మరిచిపోయిన రోగానికి ఎవరూ వెల కట్టరు.

ఇప్పుడు వరుసలో ఉన్నది టైఫాయిడ్. దీని కథలో రెండు హైదరాబాద్‌లున్నాయి. కొత్త తరం టైఫాయిడ్ టీకా మన హైదరాబాద్‌లో, భారత్ బయోటెక్‌లో తయారై 2013 నుంచి దేశీయ బజారులో ఉంది. 2016 చివర్లో పాకిస్తాన్‌లోని సింధు రాష్ట్రంలో, అక్కడి హైదరాబాద్ నగరంలో, చాలా మందులకు లొంగని టైఫాయిడ్ పుట్టుకొచ్చింది. 2018లో ఆ నగరం పిల్లలకు మన హైదరాబాద్ టీకా వేశారు. 2019 నవంబరులో పాకిస్తాన్ దాన్ని తన ఉచిత టీకాల కార్యక్రమంలో చేర్చింది. ప్రపంచంలో ఆ పని చేసిన తొలి దేశం అదే. రెండు దేశాల మధ్య వ్యాపారం ఆగిపోయిన ఏడాది అది. 2022లో నేపాల్ కూడా చేర్చింది. అంతర్జాతీయ కూటమి గావీ ఆ టీకాను డోసు 1.50 డాలర్లకు కొన్నది. అదే టీకాకు మన క్లినిక్కుల్లో తల్లిదండ్రులు పెట్టింది వెయ్యి రూపాయలకు పైమాటే. కలుషిత నీళ్లతో వచ్చే రోగం ఇది. మినరల్ వాటర్ క్యాన్ తెప్పించుకునే ఇంట్లో టీకా ఉంది. మురుగుకాలువ పక్క నుంచి పోయే కుళాయి పైపు మీద ఆధారపడ్డ బస్తీలో లేదు.

మన దగ్గర దారి చూపింది ఒక మున్సిపాలిటీ. 2018లో నవీ ముంబై కార్పొరేషన్ తన పరిధిలోని తొమ్మిది నెలల నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు ఈ టీకా ఉచితంగా వేయాలని నిర్ణయించింది. నగరాన్ని రెండు భాగాలు చేసి, మొదటి విడత ఒక భాగంలో శిబిరాలు పెట్టింది. కొన్ని వారాల్లో లక్షకు పైగా పిల్లలు సూది వేయించుకుని వెళ్లారు. ఎంత ఇస్తారని ఎవరినీ అడగలేదు.